హాట్ చాక్లెట్: చిక్కదనం ఎక్కడి నుంచి రావాలి?

చలికాలం మొదలైతే చాలు, హాట్ చాక్లెట్ వంటకాలు పత్రికల నిండా కనిపిస్తాయి. వాటిని పక్కపక్కన పెట్టి చదివితే మాత్రం పొయ్యి వెలిగించడానికే జంకు పుడుతుంది. కోకో పొడితో చేసింది అసలు హాట్ చాక్లెటే కాదంటారు ఒకరు. కార్న్‌ఫ్లోర్ పడకపోతే చిక్కబడదంటారు ఇంకొకరు. కార్న్‌ఫ్లోర్ పడితే అది జావ అని కొట్టిపారేస్తారు మరొకరు. పాలు పోస్తే చాక్లెట్ రుచి చచ్చిపోతుందని వాదించేవాళ్లు ఉన్నారు, పాలు చాలవు మీగడ కూడా కావాలని పట్టుబట్టేవాళ్లూ ఉన్నారు. గుడ్డు సొన కలిపే పాత పద్ధతిని ఈ మధ్య మళ్లీ తవ్వి తీస్తున్నవాళ్లు వీళ్లకు అదనం.

వీళ్లలో అబద్ధం చెప్పేవాళ్లు ఎవరూ లేరు. అందరూ ఒకే పానీయం గురించి మాట్లాడుతున్నారని మనం అనుకోవడం దగ్గరే తికమక మొదలైంది. మాడ్రిడ్‌లో ముంచుకు తినడానికి చేసేది, పారిస్‌లో చిన్న జగ్గులో తెచ్చిపెట్టేది, బొగోటాలో జున్నుముక్క వేసుకునేది, అమెరికాలో పిల్లల చేతికి పెద్ద కప్పుతో ఇచ్చేది – వీటి అవసరాలు వేరు, చరిత్రలు వేరు. ఒకదాని నియమాన్ని ఇంకొకదానికి అంటగడితే తగవు తెగదు. అందుకే ముందు ఎవరి వాదం ఎక్కడ పుట్టిందో చూడాలి.

మొదట కోరుకున్నది నురగ

కోకో గింజలనిచ్చే కకావ్ చెట్టును మనుషులు వాడుకున్న ఆనవాళ్లలో ఇప్పటిదాకా దొరికిన అతి పాతవి ఈక్వడార్‌లోని సాంటా అనా-లా ఫ్లోరిడా దగ్గర బయటపడ్డాయి. అవి సుమారు 5,300 ఏళ్ల నాటివి. పానీయంగా దాని వైభవం మనకు బాగా తెలిసింది మాత్రం మాయా నాగరికత వల్ల. గ్వాటెమాలాలోని రియో అజుల్ సమాధిలో దొరికిన మట్టిపాత్ర మీద కకావ్ అని మాయా లిపిలో రాసి ఉంది. లోపల అంటుకుని మిగిలిన పదార్థాన్ని పరీక్షిస్తే కోకోలో ఉండే థియోబ్రోమిన్ కనిపించింది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఉన్న మాయా పాత్ర మీద ఒక బొమ్మ ఉంది: ఒక స్త్రీ నిలబడి, చేతిలోని పాత్ర నుంచి నేల మీది పాత్రలోకి పానీయాన్ని ధారగా వదులుతుంటుంది. అలా పోసేది నురగ కోసమే. ఆ తర్వాత ఆస్తెక్‌ల విందుల్లోనూ నురగకే గౌరవం. వాళ్లు ఎక్కువగా చల్లటిదే తాగేవాళ్లు.

అందులో పాలు లేవు, పంచదార లేదు. ఆవులూ చెరకూ ఆ ఖండానికి ఇంకా చేరలేదు. మిరపకాయ, వెనిల్లా, కొన్ని రకాల పూలు, చాలాసార్లు మొక్కజొన్న పిండి కలిపేవారు. ఈ చివరి మాట గుర్తుంచుకోదగింది. పిండి కలపడం తర్వాతి కాలపు కక్కుర్తి అనుకునేవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు గానీ, కోకోకూ మొక్కజొన్నకూ ఉన్న జోడీ పాల కన్నా చాలా పాతది. మెక్సికోలో ఇవాళ్టికీ తాగే చంపురాదో ఆ వరసలోదే.

స్పానిష్‌వాళ్లు వచ్చాక పంచదార, దాల్చిన చెక్క చేరాయి, తాగేది వేడిగా మారింది. ఎత్తు నుంచి పోసే పనిని మొలినీయో అనే చెక్క కవ్వం తీసుకుంది. రెండు అరచేతుల మధ్య దాన్ని గిరగిర తిప్పితే నురగ లేస్తుంది. 1631లో ఆంటోనియో కోల్మెనెరో దె లెదెస్మా అనే స్పానిష్ వైద్యుడు చాక్లెట్ మీద ఒక పుస్తకం వేశాడు. అందులోని వంటకంలో మిరపకాయ, సోంపు, దాల్చిన చెక్క, బాదం, హేజెల్ గింజలు, పంచదార ఉన్నాయి. పాలు అప్పటికీ లేవు. చిక్కదనం నూరిన గింజల నుంచే వచ్చేది.

అంత చిక్కగా ఉంటే అది పానీయమా, ఆహారమా? ఈ ప్రశ్న 17వ శతాబ్దపు క్యాథలిక్ మతపెద్దలను నిజంగానే వేధించింది. ఉపవాసం రోజున చాక్లెట్ తాగితే ఉపవాసం చెడుతుందా అన్నదాని మీద ఆంటోనియో దె లియోన్ పినెలో 1636లో ఒక గ్రంథమే రాశాడు. 1664లో కార్డినల్ బ్రాంకాచియో, ద్రవం కాబట్టి చెడదు అనే పక్షాన నిలిచాడు. తగవు అంతటితో ఆగలేదు. నీళ్లలో కలిపినదాన్ని ఒప్పుకున్నా, కడుపు నింపే సరుకులు చేర్చినదాని సంగతేమిటన్న శంక మిగిలే ఉంది. ఇవాళ్టి వంటింటి వాదనకు ఇదే తాత అనుకోవచ్చు.

పిండికి చెడ్డపేరు ఎలా వచ్చింది

కార్న్‌ఫ్లోర్ మీద ఉన్న చిన్నచూపు ఎక్కడిదో తెలియాలంటే 19వ శతాబ్దపు ఇంగ్లండుకు వెళ్లాలి. కోకో గింజలో సగానికి పైగా కొవ్వే. గింజను యథాతథంగా నూరి వేడి నీళ్లలో కలిపితే ఆ కొవ్వు పైకి తేలి నూనెలా తెట్టు కడుతుంది. దాన్ని పట్టి ఉంచడానికి తయారీదారులు సగ్గుబియ్యం పిండి, ఆరారూట్, బంగాళాదుంప పిండి లాంటివి కలిపేవారు. అక్కడివరకు అది వంట తెలివే. కానీ పిండి చవక, కోకో ఖరీదు. పిండి వాటా పెరుగుతూ పోయింది, రంగు తగ్గితే ఎర్రమట్టి రంగులూ ఇటుక పొడీ చేరాయి. 1850ల్లో లాన్సెట్ వైద్య పత్రిక ఆహార కల్తీ మీద చేయించిన పరీక్షల్లో కోకో బండారం బయటపడింది.

దీనికి విరుగుడు అప్పటికే నెదర్లాండ్స్‌లో ఉంది. 1828లో వాన్ హౌటెన్ కుటుంబం గింజల ముద్ద నుంచి కొవ్వును పిండి తీసే ప్రెస్‌కు పేటెంటు పొందింది. కొవ్వు తగ్గాక మిగిలిన చెక్కను పొడి చేస్తే అది నీళ్లలో సులువుగా కలిసింది. దాన్ని క్షారంతో శుద్ధి చేస్తే పులుపు తగ్గి రంగు ముదిరింది. డచ్ ప్రాసెస్ కోకో అంటే ఇదే. క్యాడ్బరీ సంస్థ ఆ యంత్రాన్ని తెప్పించుకుని 1866లో కోకో ఎసెన్స్ అనే పొడిని అమ్మకానికి పెట్టింది. అందులో పిండి లేదన్నదే ప్రకటనల సారాంశం. పిండి అంటే కల్తీ, పిండి లేకపోతే స్వచ్ఛం – ఈ లెక్క ఇంగ్లిష్ మాట్లాడే దేశాల మనసులో అప్పుడే కుదురుకుంది. వాళ్ల వంట పుస్తకాల ద్వారా మన దాకా వచ్చింది కూడా.

స్పెయిన్ అదే సమస్యను మరోలా తీర్చుకుంది. పిండిని తరిమేయకుండా దానికి హద్దు గీసింది. ఐరోపా సమాఖ్య 2000 నాటి చాక్లెట్ చట్టంలో స్పెయిన్ పద్ధతికి ప్రత్యేకంగా చోటు ఉంది. చొకొలాతె అ లా తాసా పేరుతో అమ్మే సరుకులో గోధుమ, బియ్యం లేదా మొక్కజొన్న పిండి 8 శాతం మించకూడదు, కోకో ఘనపదార్థాలు 35 శాతానికి తగ్గకూడదు. ఫమిలియార్ అని పేరు తగిలిస్తే పిండి 18 శాతం దాకా వెళ్లొచ్చు, కోకో 30 శాతానికి దిగొచ్చు. ఒక దేశంలో మోసానికి గుర్తయిన వస్తువు ఇంకో దేశంలో చట్టం కొలిచి ఒప్పుకున్న దినుసు. పిండి మంచిదా చెడ్డదా అని అడిగేకన్నా ఎంత పిండి, ఎంత కోకో అని అడగడమే సరైనదని నాకు అనిపించేది ఇందుకే.

నాలుగు దారులు

పొడి దారి అందరికీ తెలిసినది. కోకో పొడి, పంచదార, పాలు. తేలికగా ఉంటుంది, పెద్ద కప్పు తాగినా వెగటు పుట్టదు, చవక. దీని ముదిరిన రూపమే ప్యాకెట్: పాలపొడి, పంచదార, కోకో ముందే కలిపి ఉంటాయి, వేడి నీళ్లు పోస్తే చాలు. అమెరికాలో స్విస్ మిస్ అలా పుట్టిందే. 1950ల్లో విస్కాన్సిన్‌లోని సానా కుటుంబపు పాల వ్యాపారంలో, సైన్యం కోసం చేసిన కాఫీ క్రీమర్ పొడి మిగిలిపోతే దాన్ని ఏం చేయాలన్న ఆలోచనలోంచి వచ్చింది. షికాగోలోనో న్యూజెర్సీలోనో పెరుగుతున్న తెలుగు పిల్లలకు హాట్ చాక్లెట్ అంటే మొదట గుర్తొచ్చేది ఈ వంశమే, పైన మార్ష్‌మాలోలతో. తీయటి పాలుగా దానికి వంక పెట్టలేం. చిక్కదనం ఆశిస్తేనే తంటా.

రెండోది కరిగించిన చాక్లెట్ దారి. పారిస్‌లో 1903లో మొదలైన ఆంజెలీనా టీ సెలూన్ దీనికి ఇవాళ్టి తీర్థస్థలం. ఇక్కడ పొడికి బదులు చాక్లెట్ బిళ్లనే పాలల్లో కరిగిస్తారు. గింజలోని కొవ్వు, అంటే కోకో బటర్, అంతా అందులోనే ఉంటుంది కాబట్టి నాలుక మీద పట్టులా జారుతుంది. ఈ దారికి పాత సాక్ష్యం ఫ్రెంచి పాకశాస్త్రవేత్త మెనోన్ 1755లో అచ్చువేసిన వంటకం. ఎన్ని కప్పుల నీళ్లో అన్ని చాక్లెట్ బిళ్లలు వేసి మరిగించి, నాలుగు కప్పులకు ఒక గుడ్డు సొన చొప్పున కలిపి, పొంగనివ్వకుండా సన్నని సెగ మీద తిప్పమంటాడు. ముందురోజే చేసిపెట్టుకుంటే ఇంకా బాగుంటుందనీ, రోజూ తాగేవాళ్లు అడుగున కొంచెం మిగిల్చి మర్నాటి దాంట్లో కలుపుతారనీ కూడా చెబుతాడు. పెరుగుకు తోడు దాచినట్టన్నమాట. తోడు వేసినంత మాత్రాన చాక్లెట్ తోడుకోదు గానీ, రాత్రంతా నిలవ ఉంచమన్న సలహాలో పస ఉంది. ఆ సంగతి కింద వస్తుంది.

మూడోది పిండి దారి. మాడ్రిడ్‌లో 1894 నాటి సాన్ హీనెస్ దుకాణంలో చుర్రోలతో ఇచ్చే చాక్లెట్, ఇటలీ ఇళ్లలో చెంచాతో తినే చొక్కొలాత కాల్ద ఈ కోవలోవి. చుర్రో అంటే నూనెలో వేయించిన, చక్కిలం గొట్టం లాంటి దానిలోంచి వత్తిన పిండి కడ్డీ. దాన్ని ముంచి ఎత్తితే చాక్లెట్ కారిపోకుండా అంటుకుని రావాలి. పాలూ చాక్లెట్టూ మాత్రమే అయితే సగం బల్ల మీదే కారుతుంది. పిండి అక్కడ పని కోసం ఉంది, పొదుపు కోసం కాదు. ఇటలీలోనే టూరిన్ నగరానిది ఇంకో తీరు. 1763 నుంచి ఉన్న అల్ బిచెరిన్ కేఫేలో చాక్లెట్, కాఫీ, పాలమీగడ ఒక చిన్న గాజు గ్లాసులో పొరలుగా పోసి ఇస్తారు, కలపకుండా తాగాలి.

నాలుగోది నురగ దారి, అంటే అసలు పాత దారి. మెక్సికోలోని వహాకాలో చాక్లెట్‌ను నేటికీ నీళ్లలో చేసి కవ్వంతో చిలుకుతారు. కొలంబియాలో పొడవాటి జగ్గులో చిలికి, బొగోటా ప్రాంతంలో అయితే కప్పులో జున్నుముక్క వేసుకుంటారు. ఫిలిప్పీన్స్‌లో తబ్లెయా అనే కోకో బిళ్లలను బతిరోల్ అనే కవ్వంతో చిలుకుతారు. అక్కడ చిక్కదనం అంతస్తుకు కొలత కూడా అయ్యింది. హోసే రిసాల్ 1887 నాటి నవల నోలి మె తాంగెరెలో ఒక మతగురువు సంగతి వస్తుంది: చాక్లెట్ పెట్టమని నౌకరుకు చెబుతూ చివర ‘ఏ’ అంటే చిక్కటిది, ‘ఆ’ అంటే నీళ్లటిది తేవాలని సంకేతం. వచ్చిన అతిథికి తన విలువ ఎంతో కప్పు చూస్తే తప్ప తెలియదు.

గిన్నెలో జరిగేది

ఈ నాలుగు దారుల మధ్య గోడలు బయటి నుంచి కనిపించినంత గట్టివి కావు. గిన్నెలోకి తొంగిచూస్తే అర్థమవుతుంది. హాట్ చాక్లెట్ చిక్కగా అనిపించడానికి కారణాలు నాలుగు: నీళ్లలో తేలే సన్నని కోకో రేణువులు, చిన్న బొట్లుగా విడిపోయిన కొవ్వు, నీటిని పీల్చి ఉబ్బే పిండి, గాలి బుడగలు. ప్రతి పద్ధతిలోనూ ఇవన్నీ ఉంటాయి, పాళ్లు మారతాయంతే.

చాలామంది పట్టించుకోనిది ఏమిటంటే కోకో గింజలోనే పిండి పదార్థం కొంత ఉంది, పీచు చాలా ఉంది. కాబట్టి పిండి లేని పారిస్ చాక్లెట్‌లోనూ పిండి ఉన్నట్టే. సన్నని సెగ మీద కాసేపు ఉడికితే అది ఉబ్బి పానీయం తనంతట తాను దగ్గరపడుతుంది. చల్లారే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. మెనోన్ రాత్రంతా ఉంచమన్నది ఈ లెక్కన సమంజసమే. ఇంకో సంగతి: ప్రెస్‌లో కొవ్వు తీసేశాక మిగిలిన పొడిలో ఈ పిండి, పీచుల వాటా చాక్లెట్ బిళ్లలో కన్నా ఎక్కువ. అందుకే కరిగించిన చాక్లెట్‌కు ఒక చెంచా కోకో పొడి తోడైతే, ఆ చెంచాకు మించిన చిక్కదనం, ముదురు రుచి వస్తాయి. పొడి పక్షం, బిళ్ల పక్షం తరాలుగా కొట్టుకుంటున్నాయి గానీ, రెండూ ఒకే గిన్నెలో పడితేనే బాగుంటుంది.

కొవ్వు సంగతి కొంచెం నాజూకైనది. కోకో బటర్ నోటి వేడికి కాస్త దిగువనే కరుగుతుంది, ఆ హాయి అక్కడిదే. కొద్దిపాటి నీళ్లు తగిలితే కరిగిన చాక్లెట్ బిర్రబిగుసుకుని గడ్డకడుతుంది, ఎక్కువ నీళ్లలో పడితే మళ్లీ విడుతుంది. కాబట్టి వేడి పాలను చాక్లెట్ మీద బొట్లు బొట్లుగా పోయకూడదు, తురిమిన చాక్లెట్‌నే పాలల్లో వేయాలి. చిలకడం నురగ కోసమే కాదు, కొవ్వు బొట్లను చిన్నవి చేయడానికి కూడా. సరిగ్గా చిలకని కప్పు మీద పసుపుపచ్చని చమురు మెరుస్తుంది. మీగడ ఎక్కువైతే ఇంకో నష్టం ఉంది. పాలకొవ్వు నాలుకను కప్పేసి చాక్లెట్ చేదును, పులుపును మందగింపజేస్తుంది. రెస్టారెంట్ వంటకాల్లో సగం పాలు సగం క్రీమ్ అని చూసి అలాగే చేసినవాళ్లకు దొరికేది ఘనమైన పాయసం, చాక్లెట్ ఎక్కడో అడుగున. మన దగ్గర దొరికే ఫుల్ క్రీమ్ పాలల్లో 6 శాతం వెన్న ఉంటుంది, టోన్డ్ పాలల్లో 3. ఇంగ్లిష్ వంటకాలు లెక్కలోకి తీసుకునే పాలు మూడున్నర శాతం చుట్టూ తిరుగుతాయి. గేదెపాలు వాడే ఇంట్లో విడిగా క్రీమ్ అక్కర్లేదు.

పాలా, నీళ్లా అన్న వాదనకు జవాబు కూడా కొంతవరకు ఇక్కడే ఉంది. పాలలోని ప్రొటీన్లు కోకోలోని వగరు పదార్థాలను పట్టుకుని రుచిని మెత్తబరుస్తాయి. నీళ్లలో చేస్తే ఆ వగరు, పులుపు, పండ్ల వాసన దాపరికం లేకుండా తగులుతాయి. మంచి చాక్లెట్ అయితే అది గుణం, నాసిరకం అయితే శిక్ష.

ఇంట్లో చేసుకునేవాళ్లకు

వాదోపవాదాల సారం వంటింట్లో ఏ కొలతగా మారుతుందో చెప్పకపోతే సమీక్ష సగమే. రెండు చిన్న కప్పులకు పావు లీటరు పాలు, 60 గ్రాముల డార్క్ చాక్లెట్, ఒక టీస్పూను కోకో పొడి, పంచదార రుచిని బట్టి, చిటికెడు ఉప్పు. డార్క్ అంటే కోకో 60 నుంచి 70 శాతం ఉన్నది. కోకో పొడిని, పంచదారను రెండు చెంచాల వేడి పాలతో ముందు ముద్దలా కలుపుకుంటే ఉండలు కట్టదు, వాసనా విచ్చుకుంటుంది. మిగిలిన పాలు కాగి అంచుల్లో బుడగలు రాగానే దించి, సన్నగా తరిగిన చాక్లెట్ వేసి నిమిషం ఆగి చిలకాలి. మళ్లీ సన్నని సెగ మీద పెట్టి మూడు నాలుగు నిమిషాలు తిప్పాలి. అడుగంటితే ఆ మాడు వాసనను ఏ మసాలా దాచలేదు. ఉప్పు ఉప్పదనం కోసం కాదు, చేదును తగ్గించడానికి.

ముంచుకోవడానికి చిక్కగా కావాలంటే ఒక టీస్పూను కార్న్‌ఫ్లోర్‌ను చల్లటి పాలల్లో కలిపి పోసి, ఒక్క పొంగు రానివ్వాలి. ఉడకని పిండి పచ్చివాసన కొడుతుంది. కప్పులో పోశాక కూడా అది దగ్గరపడుతూనే ఉంటుంది కాబట్టి గిన్నెలో కావలసినదానికన్నా కాస్త పల్చగా ఉన్నప్పుడే దించడం మేలు. బియ్యప్పిండి కూడా పనిచేస్తుంది, స్పెయిన్ చట్టం దాన్ని ఎలాగూ ఒప్పుకుంది.

బజారులో జాగ్రత్త పడాల్సింది ఒక్కచోట. మన ఊళ్లలో బేకరీ సామాన్ల దుకాణాల్లో కాంపౌండ్ అనే పేరుతో అమ్మే పలకల్లో కోకో బటర్‌కు బదులు వేరే వృక్షజన్య కొవ్వులు ఉంటాయి. కేకు మీద పూతకు అది సుఖంగా ఉంటుంది గానీ, పాలల్లో కరిగిస్తే అంగిట్లో మైనంలా అంటుకుంటుంది. అలాగే డ్రింకింగ్ చాక్లెట్ డబ్బా మీద దినుసుల వరసలో పంచదార మొదట ఉంటే, అందులో ఎక్కువ ఉన్నది పంచదారే. కోకో పొడి డబ్బా మీద అసిడిటీ రెగ్యులేటర్ 501 అని కనిపిస్తే అది క్షారంతో శుద్ధి చేసినదని సాధారణంగా అనుకోవచ్చు. రంగు ముదురు, పులుపు తక్కువ, పాలల్లో సులువుగా కలుస్తుంది. శుద్ధి చేయనిది ఎర్రగా, పుల్లగా ఉంటుంది. ఏది మేలన్నది అలవాటును బట్టే.

పక్కపక్కన పెడితే

పొడి దారిలో ఖర్చు తక్కువ, శ్రమ తక్కువ, పెద్ద కప్పుకు సరిపోతుంది. చిక్కదనం దాని బలం కాదు. కరిగించిన చాక్లెట్‌లో రుచి గాఢం, ఖర్చు ఎక్కువ, నూట ఇరవై మిల్లీలీటర్లు దాటితే ఎవరికైనా ముఖం మొత్తుతుంది. పిండి దారి తక్కువ చాక్లెట్‌తో ఎక్కువ చిక్కదనం ఇస్తుంది. ముంచుకునేది ఏదీ పక్కన లేకపోతే ఆ చిక్కదనానికి అర్థం లేదు. నురగ దారి నోటికి నిండుగా, కడుపుకు తేలికగా ఉంటుంది. పది నిమిషాలు కప్పు పక్కన పెడితే ఆ నిండుదనం కుంగిపోతుంది. నిండుదనమూ చిక్కదనమూ ఒకటే అనుకునేవాళ్లు వహాకా చాక్లెట్ ఒకసారి తాగితే తేడా తెలుస్తుంది. నీళ్లంత పల్చగా ఉండి కూడా నోరంతా ఆక్రమించే పానీయం అది.

తేలని ప్రశ్నలు

ఆరోగ్యం మీద వాదన గట్టిగానే సాగింది. పాలు కలిపితే కోకోలోని ఫ్లేవనాళ్లు అనే పదార్థాలు ఒంటికి సరిగ్గా పట్టవని 2003లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన అంది. తర్వాత వచ్చిన కొన్ని పరిశోధనలకు ఆ తేడా కనిపించలేదు. క్షారశుద్ధి వల్ల ఫ్లేవనాళ్లు బాగా తగ్గుతాయన్నది మాత్రం స్థిరపడిన విషయమే. 2012లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ, రోజుకు 200 మిల్లీగ్రాముల కోకో ఫ్లేవనాళ్లు రక్తనాళాలు సాగే గుణానికి తోడ్పడతాయన్న మాటను ఆమోదించింది. 2022లో ఫలితాలు వెలువడిన కాస్మాస్ అనే పెద్ద అమెరికా పరిశోధనలో వాడింది కోకో సారం గుళికలు. గుండెజబ్బుల సంఘటనలన్నీ కలిపి చూస్తే తగ్గుదల గణాంకాల కొలతకు నిలవలేదు, గుండెజబ్బు మరణాలు మాత్రం తగ్గినట్టు కనిపించింది. గుళిక సంగతి ఇది. మూడు చెంచాల పంచదార పడిన కప్పుకు ఆ పుణ్యం అంటగట్టడం అమ్మకందారుల పని. కోకోలో కాడ్మియం, సీసం మీద ఆందోళన నిజమైనదే. కాడ్మియం ఎక్కువగా నేల నుంచి వస్తుంది, సీసం గింజలు కోసి ఎండబెట్టే దశలో చేరుతుంది. ఐరోపాలో కాడ్మియానికి హద్దులు అమల్లో ఉన్నాయి. చిన్నపిల్లలకు రోజూ ఇచ్చేవాళ్లు పట్టించుకోవలసిన విషయం ఇది, వారానికో కప్పు తాగేవాళ్లు బెంగపడనక్కర్లేదు.

వేడి గురించి ఒక మాట. 65 డిగ్రీలు దాటిన పానీయాలు అలవాటుగా తాగడం అన్నవాహిక క్యాన్సర్‌కు దారితీయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2016లో వర్గీకరించింది. చిక్కటి ద్రవం పల్చటిదానికన్నా నెమ్మదిగా చల్లారుతుంది, పైన మీగడ ఉంటే మరీను. చలికి వణుకుతూ గబుక్కున నోట్లో పోసుకునేది కాదు ఇది.

కప్పు రంగు రుచిని మారుస్తుందా? 2012లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో చార్ల్స్ స్పెన్స్, బెతీనా పికెరాస్-ఫిష్మన్ ఒకే హాట్ చాక్లెట్‌ను వేర్వేరు రంగుల కప్పుల్లో ఇస్తే, నారింజ, ముదురు మీగడ రంగు కప్పుల్లోది ఎక్కువ రుచిగా ఉందన్నారు తాగినవాళ్లు. పాల్గొన్నవాళ్లు అరవై మందికి లోపే. సరదాగా చెప్పుకోవచ్చు, దాన్ని పట్టుకుని కొత్త కప్పులు కొనాల్సిన పనిలేదు.

అన్నిటికన్నా బరువైన ప్రశ్న మన ఇంటికి దగ్గరలోనే ఉంది. దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా ఏలూరు, పశ్చిమ గోదావరి ప్రాంతాల్లో. కొబ్బరి, పామాయిల్ తోటల నీడలో అంతర పంటగా వేస్తారు. చాలా కాలం ఆ గింజలు పెద్ద కంపెనీల గోదాముల్లో మిగతా గింజల్లో కలిసిపోయాయి, ఏ తోట గింజకు ఏ రుచి అన్నది ఎవరూ అడగలేదు. ఈ మధ్యే ఆ పరిస్థితి మారుతోంది. హైదరాబాద్‌లో 2023లో తెరుచుకున్న మనం చాక్లెట్ లాంటి సంస్థలు గోదావరి గింజలను తామే పులియబెట్టించి, ఆ ప్రాంతం పేరు చెప్పి అమ్ముతున్నాయి. పండు పగలగొట్టాక గింజల్ని గుజ్జుతో సహా పెట్టెల్లో పోసి, మధ్యమధ్య తిరగవేస్తూ దాదాపు వారం పులియబెడతారు. చాక్లెట్ వాసనకు పునాది పడేది అక్కడే. పులియని గింజను ఎంత వేయించినా, ఎంత నూరినా ఆ వాసన రాదు.

ఇప్పుడు ఆ చాక్లెట్‌తో హాట్ చాక్లెట్ చేస్తే దేనిలో చేయాలి? ఊరి రుచి తెలియాలంటే నీళ్లే నయమని, గింజ నుంచి బిళ్ల దాకా తామే చేసుకునే బీన్-టు-బార్ తయారీదారుల్లో చాలామంది అంటారు. పాలు, పంచదార, ఏలకులు పడ్డాక గోదావరి గింజకూ ఘనా గింజకూ తేడా పట్టగలిగే నాలుకలు తక్కువన్నది వాళ్ల వాదం. అందులో నిజం ఉంది. పాలు లేని వేడి పానీయాన్ని మన ఇళ్లు కషాయంగానే లెక్కవేస్తాయన్నదీ అంతే నిజం. 2024లో అంతర్జాతీయ మార్కెట్లో కోకో ధర టన్నుకు పదివేల డాలర్లు దాటిపోయినప్పటి నుంచి ఈ ప్రశ్నకు డబ్బు కోణం కూడా తోడైంది. చాక్లెట్ వాటా తగ్గించి పిండి పెంచే ఒత్తిడి తయారీదారుల మీద ఇంగ్లండులో నూట డెబ్బై ఏళ్ల కిందట ఉన్నంతగా మళ్లీ మొదలైంది. డబ్బా మీద పిండి ఎంత, కోకో ఎంత అని అంకెల్లో రాయమని మన కొనుగోలుదారులు అడగడం మొదలుపెడితే, పాలా నీళ్లా అన్నది ఎవరింట్లో వాళ్లు తీరిగ్గా తేల్చుకోవచ్చు.